పిల్లి గుర్తురాని పరీక్ష

మాదాపూర్‌లో అద్దాల మేడలకన్నా బండరాళ్లే ఎక్కువగా కనబడే ఆ రోజుల్లో, మాకు పై అధికారులకన్నా ఇంగ్లీషంటేనే ఎక్కువ భయం. కాకినాడలో తెలుగు మీడియంలో చదువుకుని, కంప్యూటరు కోర్సు చేసి, ఎలాగో ఒక ఆఫీసులో చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. అలాంటి సమయంలో, ఇంగ్లీషు నుడికారాల్నీ క్రియల్నీ మనవాళ్లు ఎన్ని రకాలుగా వాడతారో పరిశోధించడానికి యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది.

మా మేనేజరు గారు (గుంటూరు మనిషి, మేం చాటుగా 'హెడ్మాస్టరు' అనేవాళ్లం) దాన్ని పరిశోధన అనుకోలేదు. ఇంగ్లీషు రానివాళ్లను ఏరి పంపించెయ్యడానికి పైవాళ్లు వేసిన ఎత్తు అనుకున్నారు. మేడమ్ ముందుగా పంపిన మాదిరి ప్రశ్నలు చూసి, అందరినీ కూర్చోబెట్టి జవాబులు బట్టీ పట్టించారు. పెద్ద వాన పడితే 'క్యాట్స్ అండ్ డాగ్స్' అనాలి. కల గురించి అడిగితే 'ఐ డ్రెమ్ట్' అనాలి. వానకీ కుక్కలకీ సంబంధమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నా వంతు చివర్లో వచ్చింది. నాకంటే ముందు వెళ్లొచ్చిన వరంగల్ స్నేహితురాలు, "ఏం గాదు, ఫికర్ చెయ్యకు" అంది గాని, నన్ను పట్టుకున్న ఆమె చెయ్యి చల్లగా ఉంది. లోపల టేప్ రికార్డరు తిరుగుతోంది. మేడమ్ ముఖంలో విసుగు. వాన బాగా కురిస్తే ఏమంటావని ఇంగ్లీషులో అడిగారు. కుక్కలు గుర్తొచ్చాయి, వాటితోపాటు రావాల్సిన రెండో జంతువు రాలేదు. మేకా? గాడిదా? టేపు తిరుగుతూనే ఉంది.

"స్కై గాట్ హోల్, మేడమ్," అన్నాను.

ఆవిడ చేతిలో కలం ఆగింది. రాత్రి వచ్చిన కల గురించి అడిగారు. "ఎస్టర్డే వన్ డ్రీమ్ కేమ్ టు మీ," అన్నాను. ఉద్యోగం పోయినట్టేనని ఖాయం చేసుకున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేడమ్ టేపు ఆపి తెలుగులోకి దిగారు. "ఏడుస్తవెందుకమ్మా? ఇది పరీక్ష కాదు. పొద్దటి సంది అందరిదీ ఒక్కటే జవాబు. ఇన్ని ఊర్ల మనుషులు ఒక్క తీరుగ మాట్లాడుతరా? నువ్వొక్కదానివే నీ మాట చెప్పినవ్."

తలుపు తీసేసరికి ఎదురుగా మేనేజరు గారు. పిల్లులూ కుక్కలూ సరిగ్గా చెప్పానా అని గొంతు తగ్గించి అడిగారు. జరిగింది చెప్పాను. తిడతారనుకుంటే, కుర్చీలో కూలబడి, "అయితే మనల్ని తీసెయ్యరన్నమాట," అన్నారు. ఆ 'మనల్ని'లో ఆయన కూడా ఉన్నారని అప్పుడు గాని నాకు తట్టలేదు.

మేడమ్ అందరినీ మళ్లీ పిలిచారు, మొదట ఆయన్నే. కాసేపటికి లోపలి నుంచి ఇద్దరి నవ్వులూ వినబడ్డాయి.

ఆ సాయంత్రం మూసాపేట బస్సులో నేనూ నా స్నేహితురాలూ నోటికొచ్చిన ఇంగ్లీషు గట్టిగా మాట్లాడుకున్నాం, క్రియలు ఏ కాలంలోకి పోయినా పట్టించుకోకుండా. ఇప్పుడు మీటింగుల్లో నా ఇంగ్లీషును ఎవరూ తప్పుపట్టరు. ప్రతి వాక్యాన్నీ నోట్లోనే ఇస్త్రీ చేసి గాని బయటికి వదలను మరి. ఆ బస్సులో నాలో ఉన్న అమ్మాయి ఇవాళ నన్ను వింటే, ఇంత పిరికిదానివి ఎప్పుడయ్యావే అని నవ్వేది కాబోలు.