కాలవ అవతలి కూత

మా ప్రాంతంలో ప్రతి చెడుగుడు జట్టుకూ సొంత కూత ఒకటి ఉండేది. గీత దాటి అవతలి జట్టు నేలమీద అడుగుపెట్టినవాడు తిరిగి వచ్చేదాకా ఊపిరి తీయకుండా ఆ మాటలే పలుకుతుండాలి. మధ్యలో ఊపిరి తీస్తే చచ్చినట్టే. తన కూత వదిలి ఎదుటివాళ్ళ కూత కూసినా చచ్చినట్టే. ఆటలోంచి బయటికి పోవడాన్ని మావాళ్ళు చావడం అనేవారు. ఆ మాట మా అమ్మకి గిట్టేది కాదు. "పొద్దున్నే లేచి ఎవడు ఎన్నిసార్లు చచ్చాడో చెప్పుకోటం ఏం మాటల్రా ఇంట్లో" అని అన్నయ్యని కసిరేది.

మా మగ్గాల వీధి జట్టు కూత నేను రాశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అన్నయ్య పదహారేళ్ళవాడు. ఆ వయసుకే పెద్దవాళ్ళతో సమానంగా ఆడుతున్నాడు. మగ్గం గుంటలో కూచుని రోజంతా పలకలు తొక్కిన కాళ్ళు కదా, ఎవరి పట్టుకూ ఆగేవి కావు. ఒకనాడు నేను కండెలు చుడుతుంటే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"చెల్లాయ్, నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, నాకో కూత కట్టిపెట్టవే. పెదాలు తగిలే అచ్చరం ఒక్కటీ ఉండకూడదు. పెదాలు కలిసినచోట ఊపిరి జారిపోద్ది."

నేను పలకమీద అక్షరాలన్నీ రాసుకుని, ప దగ్గర్నుంచి మ దాకా కొట్టేసి, మిగిలినవాటితో రెండు రోజులు కుస్తీపట్టాను. చివరికి మగ్గం మీద దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె మీద కట్టాను. "నాడె నాడె అటు నాడె, ఇటు నాడె ఇంటికి నాడె." అన్నయ్య వాకిట్లో నిలబడి ఒక్క ఊపిరిలో ఇరవైసార్లు పలికి, నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. మర్నాటినుంచి వీధి మొత్తానికీ అదే కూత. రాసింది నేనని జట్టు పెద్దకీ, బళ్ళో డ్రాయింగు మాస్టారికీ తప్ప ఎవరికీ చెప్పొద్దని అన్నయ్యచేత ఒట్టు వేయించుకున్నాను. నలుగురిలో నా పేరు వినబడితే నాకు చెవులు కాలిపోయేవి.

మాకు పోటీ అంటే కాలవ అవతలి ఊరే. అక్కడ బియ్యం మిల్లు ఉంది. వాళ్ళ కూత "దంపు దంపు దడదడ దంపు." ఆ ఊరివాళ్ళంటే మాకు చిన్నప్పటినుంచీ పడదు. పామర్రు సంతకి వెళ్ళాలంటే ఆ ఊరి మీదుగానే పోవాలి. ఎంత ఎండలోనైనా అన్నయ్య నన్ను అక్కడ మంచినీళ్ళు తాగనిచ్చేవాడు కాదు.

"తాగావో, కూత పడిపోద్ది."

"నేను కూత కూయను కదన్నయ్యా."

"నీకు పడిపోతే నాకూ పడిపోద్ది. ఒకే రక్తం. నోరుమూసుకుని నడువు."

నాలుక పిడచకట్టుకుపోతున్నా నడిచేదాన్ని. నేనూ ఆ జట్టు మనిషినే అని ఎంత గర్వమో. వాళ్ళు ఓడిన ప్రతిసారీ నా నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. వాళ్ళు గెలిచినప్పుడు ఆ పేజీలో తుఫాను గురించో, ఆవు ఈనడం గురించో రాసేదాన్ని.

యుద్ధం వచ్చాక నూలు దొరకడం మానేసింది. కార్డుల మీద ఇస్తామన్నారు. కార్డులైతే వచ్చాయిగాని నూలు రాలేదు. వీధిలో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. తెల్లవారుతూనే వినిపించే చప్పుడు లేకపోయేసరికి మా నాన్నకి నిద్రలో మెలకువ రావడం లేదని అమ్మ నవ్వబోయి ఊరుకుంది. నాన్న ఉత్త గుంటలో కాళ్ళు వేలాడేసుకుని చుట్ట కాలుస్తూ కూచునేవాడు.

ఆ రోజుల్లోనే మిల్లు యజమాని అన్నయ్యకి కబురంపాడు. ఆయనకి చెడుగుడంటే పిచ్చి. మంచి ఆటగాళ్ళని ఏరి మిల్లులో పనికి పెట్టుకునేవాడు. పగలు కాటా దగ్గర బస్తాలు తూచడం, సాయంత్రం ఆట. జీతంతోపాటు వారానికింత బియ్యం. రేషను బియ్యంలో రాళ్ళేరుకుంటున్న రోజుల్లో అదెంత మాటో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. వేసవిలో మా వీధి జట్టుతో జరిగే ఆటలో సత్తా చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తాననీ, లేకపోతే ఎవరి దారి వాళ్ళదేననీ యజమాని ముందే చెప్పాడు.

అన్నయ్య ఒప్పుకున్నాడు. నాన్న ఏమీ అనలేదు. వీధి మాత్రం అంది. మా జట్టు పెద్దని మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన మా అరుగు ముందు నిలబడి వీధికంతా వినబడేటట్టు అడిగాడు.

"ఏరా, దంపుళ్ళకి పోతున్నావంట! రోకలి కూడా ఇస్తారా?"

"రోకలి ఇవ్వరు బాబాయ్. బియ్యం ఇస్తారు. మీకూ ఓ శేరు పంపమంటారా?"

"మాకెందుకురా ఆ బియ్యం? తింటే మేవూ దడదడమంటాం."

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సంతదారిలో దాహంతో నడిచిన నడకలన్నీ గుర్తొచ్చాయి. నన్ను మంచినీళ్ళు తాగనివ్వనివాడు అక్కడ అన్నం తింటాడా అని ఒకటే కోపం. ఇంటి సంగతి నాకు తెలియక కాదు. తెలిసినా కోపం పోలేదు.

ప్రతి ఆదివారం బియ్యం మూట భుజాన వేసుకుని అన్నయ్య వచ్చేవాడు. అమ్మ వండేది, నాన్నా నేనూ తినేవాళ్ళం. వీధిలో ఎవరూ అన్నయ్యని ఆటకి పిలిచేవారు కాదు. ఆట దగ్గరపడుతున్న ఒక ఆదివారం పెరట్లో నేను గిన్నెలు తోముతుంటే వచ్చి నిలబడ్డాడు.

"వాళ్ళ కూత నా నోట్లో తిరగట్లేదే. దంపు అన్న ప్రతిసారీ పెదాలు పడతన్నాయి, సగం ఊపిరి అక్కడే పోతంది. ఇంకోటి కట్టిపెట్టవూ? యజమానితో చెప్పి మార్పిస్తా."

"నేను కట్టను."

"ఎందుకే?"

"వాళ్ళకి కట్టను."

"వాళ్ళకి కాదే. నాకు."

నేను తలెత్తలేదు. బూడిదతో అదే గిన్నెని మళ్ళీ మళ్ళీ రుద్దాను. "సర్లే" అని వెళ్ళిపోయాడు. మంచి మాటలు నాలుగు అప్పటికే నా మనసులో ఉన్నాయి. అన్నయ్య అడుగుతుండగానే వాటంతటవే వరుసలో వచ్చి నిలబడ్డాయి. అవి ఇప్పటికీ ఎక్కడా రాయలేదు.

వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక, కోత కోసిన చేలో దున్ని తడిపి ఊక చల్లి బరి తయారుచేశారు. నీళ్ళులేని కాలవలో దిగి రెండు ఊళ్ళవాళ్ళూ నడిచి వచ్చారు. ఆడవాళ్ళం బరి పక్కనే ఎడ్లని విప్పిన బండి మీద కూచున్నాం. తీర్పరి మా డ్రాయింగు మాస్టారు. ఎవరి కూత వాళ్ళదేననీ, ఎదుటివారి కూత కూస్తే చచ్చినట్టేననీ ఆట మొదలుపెట్టేముందే గట్టిగా చెప్పారు.

అన్నయ్య మావైపుకి కూతకొచ్చిన ప్రతిసారీ మా వీధివాళ్ళు "దడదడ వచ్చాడ్రోయ్!" అని గోల చేశారు. అయినా ముగ్గుర్ని చంపి వెళ్ళాడు. చివరికి ఇటూ అటూ సమానంగా ఉండగా, ఆఖరి కూతకి మళ్ళీ అన్నయ్యనే పంపారు. మావాళ్ళు నలుగురు చుట్టుముట్టారు. ఒకరు చీలమండ పట్టుకున్నారు, ఒకరు నడుం పట్టుకున్నారు. అన్నయ్య బోర్లా పడి, మట్టిలో పాకుతూ, కూత వదలకుండా గీత వైపుకి చెయ్యి చాపాడు. ఊపిరి అయిపోవచ్చింది. పెదాలు మూసే ఓపిక కూడా లేదు. నోటివెంట ఉత్త "డ... డ... డ..." అన్న చప్పుడొకటే వస్తోంది. అలాగే చేతివేళ్ళతో గీత అందుకున్నాడు.

అవతలివాళ్ళు ఎగిరి గంతేశారు. బాబాయ్ బరిలోకి ఉరికాడు.

"చచ్చాడు! మన కూత కూశాడు మాస్టారూ! నాడె నాడె అన్నాడు, నా చెవులారా విన్నా!"

"నీ చెవులకి నాడె తప్ప ఏం వినపడద్దిలే! దడదడ అన్నాడండీ!" అని మిల్లువాళ్ళు.

మాస్టారు తనకి సరిగ్గా వినబడలేదన్నారు. అన్నయ్యని అడిగారు. మట్టిలో కూచుని రొప్పుతూ, ఏమన్నానో తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రెండు జట్లవాళ్ళూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. అప్పుడు మాస్టారు మా బండి వైపు తిరిగారు.

"ఆ పిల్ల దగ్గరగా ఉంది. వాడి సొంత చెల్లెలు. వాడికి అన్యాయం చెయ్యదు. ఆ కూత కట్టింది కూడా ఆ పిల్లే. ఆ పిల్ల మాట మీకు ఒప్పుదలేనా?"

మిల్లువాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. సొంత చెల్లెలు అన్నకి ఎదురు చెబుతుందని ఎవరు అనుకుంటారు? మావాళ్ళు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

"చెప్పమ్మా. మీ అన్న మీ వీధి కూత కూశాడా?"

అంతమంది తలలూ నావైపు తిరిగాయి. అది ఏ కూతో నాకు వినబడలేదు. అదీ నిజం. వినబడలేదండీ అని పైకి చెప్పాలంటే గొంతు కావాలి. ఆ జనంలో నా గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు. తల ఊపడానికి గొంతు అక్కర్లేదు. అయితే అడ్డంగానైనా ఊపవచ్చు కదా. నిలువుగా ఎందుకు ఊపానంటే, నేను కట్టిన మాటలే అన్నయ్య నోటినుంచి వచ్చి ఉండాలని నాకు కోరిక. ఎవరి బియ్యం తింటున్నా చివరి ఊపిరి దగ్గర మావాడే అయి ఉండాలని కోరిక. ఆ క్షణంలో అది కోరికని కూడా తెలియలేదు. విన్నాననే అనిపించింది.

మావాళ్ళ కేకలతో చేను దద్దరిల్లింది. అన్నయ్య నావైపు ఒకసారి చూశాడు. లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, బరి బయటికి నడిచాడు.

ఆ రాత్రి నోటు పుస్తకంలో, "అన్నయ్య మన కూతే కూశాడు" అని రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. అందులోనూ అబద్ధమే రాసుకున్నాను.

ఆ వారమే మిల్లులో అన్నయ్యని పనికి రావద్దన్నారు. తిన్న ఇంటికి కావాలనే ద్రోహం చేశాడన్నారట. మా వీధిలో మాత్రం ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. "రక్తం ఎక్కడికి పోద్దిరా!" అని బాబాయ్ వీపు చరిచాడు. ఎత్తుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనూ నూలు లేదు. నెల తిరక్కుండానే అన్నయ్య బెజవాడ వెళ్ళి రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే పనిలో చేరాడు. మళ్ళీ చెడుగుడు ఆడలేదు. అమ్మ రేషను బియ్యంలో రాళ్ళేరడం మళ్ళీ మొదలుపెట్టింది.

నాకు పెళ్ళయి బెజవాడలోనే పటమటలో కాపురం పెట్టి రెండేళ్ళవుతోంది. మా ఆయన బట్టల కొట్లో గుమాస్తా. అన్నయ్య ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు. మొన్న వేసవిలో ఒక ఆదివారం మా వీధి పిల్లలు వాకిట్లో గీత గీసుకుని చెడుగుడు ఆడుతున్నారు. అన్నయ్య గుమ్మంలో కూచుని చూస్తూ, మా ఆయనతో నవ్వుతూ అన్నాడు.

"నాకూ ఈ ఆట వచ్చు బావగారూ. కానీ నా నోటిని నేనే నమ్మలేను. ఏ గట్టు మీదుంటే ఆ గట్టు పాట పాడదది. అన్నం పెట్టినోళ్ళని ముంచింది. మా చెల్లి వినకపోతే నాకూ తెలిసేది కాదు."

ఇన్నాళ్ళూ అన్నయ్య అలా అనుకుంటున్నాడని నాకు తెలియదు. నామీద కోపం పెట్టుకున్నాడేమో అనుకునేదాన్ని. కోపమైతే బాగుండేది. మా ఆయన మజ్జిగకోసం లోపలికి వెళ్ళగానే చెప్పేశాను.

"అన్నయ్యా, ఆవేళ నాకేమీ వినపడలేదు."

"ఏవేళ?"

"నువ్వు ఏం కూశావో నాకు వినపడలేదు. ఊరికే తలూపాను."

అన్నయ్య పిల్లలవైపే చూస్తూ అడిగాడు.

"మరెందుకు ఊపావే?"

"నువ్వు మనవాడివే అనిపించాలని."

"మనోణ్ణి కాకపోతే ఆ బియ్యం మూట ఎవరింటికి మోశాననుకున్నావే?"

గట్టిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. మా ఆయన మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చారు. అన్నయ్య తాగి, బాగుందని చెప్పి, ఎండ తగ్గకుండానే లేచాడు.

తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం వచ్చాడు. వస్తూనే ఉన్నాడు. మా ఆయనతో గూడ్సు బళ్ళ ఆలస్యాల గురించీ, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే మామిడిపళ్ళ గురించీ మాట్లాడతాడు. నేను వడ్డిస్తే తింటాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. ఇంతకుముందు కూర బాగుందా అని నాచేత అడిగించుకునేవాడు. ఇప్పుడు నేను అడగకముందే బాగుందంటాడు.