మా చిలక నేర్చుకున్న మాట

చిలకకి మాటలు నేర్పడం ఎలాగో చెప్పమంటే మా నాన్న పొద్దు గూకేదాకా చెప్పేవాడు. ఆయన చెప్పినట్టు చేసినందువల్ల మాట్లాడిన చిలక మాత్రం నాకు తెలిసి ఒక్కటీ లేదు.

మాది కోట ఊరికి తూర్పున, సముద్రపు గాలి ఇంట్లోకి ఇసక మోసుకొచ్చే పల్లె. నాన్న, చిన్నాయన కలిసి సేద్యం చేసేవాళ్లు. మొలగొలుకుల వడ్లు పండే పొలం, ఒక ఇల్లు, ఒకే పొయ్యి. అమ్మ పెద్ద కోడలు, పిన్నమ్మ చిన్న కోడలు. ఇంట్లో పిల్లని నేనొక్కదాన్నే. పసితనంలో నాకు మాటలు తొందరగా రావాలని వస అరగదీసి నాకించారట. పాళ్లు ఎక్కువయ్యాయని నాన్న ఎగతాళి చేసేవాడు. ఊళ్లో అందరికీ నేను వసపిట్టనే.

నాకు బళ్లో రెండో తరగతి నడుస్తుండగా, ఆ ఏడు వానాకాలంలో, మా ఆవకాయ జాడీకి బూజు పట్టింది. ఏడాదికి సరిపడా పెట్టిన కాయ. ఎవరి తడిచెయ్యి తగిలిందో దేవుడికే తెలియాలి. ఆ పూట గరిటె పట్టుకుని జాడీ దగ్గరున్నది పిన్నమ్మ. అమ్మకి కోపం వస్తే ముందు మాట వస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది.

"తడిచెయ్యి జాడీలో పెట్టకూడదని మీ అమ్మ నేర్పలేదా?" అనేసింది.

పిన్నమ్మకి తల్లి లేదు. తల్లి ముఖం కూడా గుర్తులేనంత పసితనంలోనే పోయింది. ఆ సంగతి అమ్మకి తెలుసు. అన్న క్షణంలోనే నాలుక కరుచుకుంది, నేను చూశాను. పిన్నమ్మ గరిటె కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే పనులు ఆగుతాయా? ఒకే వంటింట్లో ఇద్దరూ తిరగాలి. అందుకని వాళ్ల మధ్య నన్ను పెట్టుకున్నారు. నేను ఇద్దరికీ మూరెడు దూరంలో కూర్చుని ఉండేదాన్ని.

"చెప్పవే మీ అమ్మతో, పాలు పొంగతా ఉండాయని," అనేది పిన్నమ్మ.

"చెప్పవే మీ పిన్నమ్మతో, చూస్తా నిలబడకపోతే దించొచ్చు గదా అని," అనేది అమ్మ.

నేను అటొకసారి ఇటొకసారి తల తిప్పేలోపల పాలు పొయ్యిలో పడేవి. నేను బడికి పోయినప్పుడు గుంజతో చెప్పుకునేవాళ్లు, పిల్లితో చెప్పుకునేవాళ్లు. మా వంటింటి గుంజకి తెలిసినన్ని సంసారం సంగతులు ఊళ్లో ఏ మనిషికీ తెలియవు.

అమ్మ మొండిదే గాని రాయి కాదు. పిన్నమ్మకి ఇష్టమని చిక్కుడుకాయ కూర వండి, "చెప్పవే, ఎక్కువైంది, పారబోయాల్సిందే," అని నాతో చెప్పించేది. పిన్నమ్మ తినేది గాని పలికేది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని అమ్మకి ఎంత ఉండేదో నేను పెద్దయ్యాక నాతోనే చెప్పుకుంది. "ఎట్టా తీసుకోవాలో తెలవలా నాకు. పెద్దదాన్ని గదా, చిన్నదాని ముందు నోరు రాలా," అంది.

ఆ మరుసటి ఎండల్లో మా ఇంటికి చిలక వచ్చింది. కోటలో ఒక వడ్ల వ్యాపారి ఇంట్లో గోరింక ఉండేది. గడప తొక్కిన వాళ్లనల్లా "ఎవరూ?" అని అడిగేది. ఊరంతా దాన్ని మెచ్చుకుంటుంటే మా నాన్నకి నిద్ర పట్టలేదు. "ఇంటికొచ్చినోళ్లని ఎవరూ అంటే అదేం మర్యాద? మన పిట్ట రండి, కూర్చోండి అనాల," అని నన్ను వెంటబెట్టుకుని కోట బస్సుల దగ్గరికి పోయాడు. అక్కడ ఒకాయన బుట్టలు పెట్టుకుని పిట్టల్ని అమ్మేవాడు. గోరింకలు, తల ఎర్రగా ఉండే చిన్న చిలకలు, తాటి తొర్రల్లోంచి తీసిన మామూలు రామచిలక పిల్లలు.

"మాటకి గోరింకైనా చిలకైనా బాగుంటది సామీ. గోరింకది అచ్చం మనిషి గొంతు. ఈ ఎర్రతలకాయి చూసుకోడానికే, నోరు తెరవదు. నన్నడిగితే చిలకని తీసుకో, మనిషికి దగ్గరవతాది," అన్నాడాయన.

"మగదే కావాల. ఆడదానికి మాటలు రావంట గదా," అన్నాడు నాన్న.

"మగదానికి మెడకి ఎర్ర పట్టీ వస్తది."

"ఎప్పుడొస్తది?"

"రెండు మూడేండ్లు పోవాల."

బుట్టలో ఉన్నవన్నీ ఒకే పచ్చన. నాన్న ఒక్కోదాన్ని పైకి తీసి పరీక్ష చేసి, ఆయన వేలు గట్టిగా కొరికినదాన్ని మగదని తేల్చాడు. దాన్నే తెచ్చుకున్నాం.

ఇక చదువు మొదలైంది. తేనెలో వస అరగదీసి దాని ముక్కుకి రాస్తే, అది ఆ ముక్కుని పంజరం పుల్లకి తుడుచుకునేది. పచ్చిమిరపకాయ తింటే నాలుక తిరుగుతుందని మిరపకాయలు, మనసు కలుస్తుందని జామపండు. పొలం పోయే ముందు నాన్న పంజరానికి గుడ్డ కప్పి, ఆ గుడ్డకి ముఖం ఆనించి, "రండి! కూర్చోండి!" అని అరిచేవాడు. దారిన పోయేవాళ్లు మమ్మల్నే పిలుస్తున్నారనుకుని ఆగేవాళ్లు. నన్ను మాత్రం దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నేను నానా మాటలూ మాట్లాడి దాన్ని చెడగొడతానని ఆయన భయం.

గుంజకీ పిల్లికీ చెప్పుకునే మాటలు పంజరానికి మారాయి. వంటింటి గుమ్మం ముందు వసారాలో వేలాడేది గదా, అమ్మ దాని వైపు తిరిగి మాట్లాడేది, పిన్నమ్మ దాని వైపు తిరిగి మాట్లాడేది. అది మెడ వంచి ఇద్దరిదీ వినేది.

వరి కోతల కాలం నాటికి గాని చిలక నోరు విప్పలేదు. ఊరి పెద్దమనుషులు నాన్నతో కాలవ నీళ్ల సంగతి మాట్లాడాలని వచ్చి వసారాలో కూర్చున్నారు. చిలక రెక్కలు దులుపుకుని, "చెప్పవే!" అంది. అమ్మ గొంతు, అమ్మ విసురు. అందరూ తిరిగి చూశారు. రెండోసారి పిన్నమ్మ గొంతుతో, మెల్లగా, "చెప్పవే మీ అమ్మతో," అంది. పెద్దమనుషులు కడుపులు పట్టుకుని నవ్వారు. చిన్నాయన తల దించుకున్నాడు. మా ఇంటి గుట్టు వీధిన పడింది.

నేను వంటింట్లో ఉన్నాను. అమ్మకి నవ్వు ఆగలేదు. పిన్నమ్మకీ ఆగలేదు. నవ్వుతూనే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మ పెదవి కదిలింది. ఇప్పుడు పలుకుతుంది, ఇప్పుడు పలుకుతుంది అని నేను ఊపిరి బిగబట్టాను. ఇంతలో నాన్న కోపంగా లోపలికి వచ్చాడు. పిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నాన్న మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అప్పటినుంచి చిలక ముందు ఇద్దరూ నోరు కట్టుకున్నారు. ఇల్లు ఇంకా మూగపోయింది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు మాత్రం పిన్నమ్మ పంజరాన్ని పెరట్లో బావి దగ్గరికి తీసుకుపోయేది. పుల్లలకి పెదవులు ఆనించి ఏదో గొణిగేది. ఏం నేర్పుతున్నావని దగ్గరికి పోతే, "పోయి ఆడుకోమ్మా," అని నన్ను తరిమేది. నాన్న కోసం "రండి, కూర్చోండి" నేర్పుతుందనుకున్నాను.

ఉగాదికి ముందు చిన్నాయనకి వెంకటాచలంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా పని కుదిరింది. పొలం నాన్న చూసుకునేటట్టు, వాళ్లు అక్కడే కాపురం పెట్టుకునేటట్టు అనుకున్నారు. అన్నదమ్ములకి పేచీ లేదు. నాకు మాత్రం ఒకటే బెంగ పట్టుకుంది. ఇట్టా పలుకు లేకుండానే వెళ్లిపోతే, ఇక ఈ జన్మకి వీళ్లు మాట్లాడుకోరు.

బండి కట్టిన రోజు అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. పెద్దది బొట్టు పెట్టి పంపాలి గదా. పళ్లెంలో పసుపు, కుంకం, జాకెట్టు గుడ్డ పెట్టి నా చేతికిచ్చి పంపింది. పిన్నమ్మ పళ్లెం వైపు చూసి, వంటింటి గుమ్మం వైపు చూసి, కాసేపు నిలబడింది. ఎవరూ రాలేదు. తన బొట్టు తనే పెట్టుకుంది. పంజరం దగ్గర ఆగి, "పోయొస్తానే," అని చిలకతో చెప్పి బండెక్కింది. నేను బండి వెంట సరుగుడు తోపు దాకా ఏడుస్తూ పోయాను.

ఆ తర్వాత అమ్మ ఆలస్యంగా తినడం మొదలుపెట్టింది. ఇద్దరూ పలుకు లేకపోయినా ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. ఇప్పుడు ఒక్కతే కంచం పెట్టుకుని, కలిపి, కలిపి, లేచేసేది. మామిడికాయలు దిగే కాలం వచ్చింది. ఆవకాయ కూడా ఒక్కతే పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మం దగ్గర కంచం ముందు కూర్చుని ఉంది. నేను గచ్చకాయలు ఆడుకుంటున్నాను.

"అక్కా, అన్నం తిన్నావా?"

పిన్నమ్మ గొంతు. చివర్లో చిన్నగా సాగదీయడం కూడా ఆమెదే. నేను గచ్చకాయలు వదిలేసి వీధిలోకి పరిగెత్తి చూశాను. ఎవరూ లేరు. వెనక్కి వచ్చేసరికి చిలక మళ్లీ అంది. "అక్కా, అన్నం తిన్నావా?"

అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అట్టాగే ఉండిపోయింది. కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి. చిలక అడుగుతూనే ఉంది. బావి దగ్గర పిన్నమ్మ రోజూ అడిగిన మాట అది, ఎదురుగా ఉన్న మనిషిని అడగలేక. అందులో "చెప్పవే" లేదు, నేను లేను, నేరుగా అక్కనే అడగడం. మా నాన్న అన్ని నెలలు అరిచినా దానికి అబ్బని చదువు, పిన్నమ్మ గొణుగుడుకి అబ్బింది. దాని మెడకి ఎర్ర పట్టీ ఆ తర్వాత ఎన్నేళ్లు చూసినా రాలేదు. ఆడచిలకే.

మర్నాడు అమ్మ కొత్త ఆవకాయ చిన్న జాడీలోకి ఎత్తి మూతికి గుడ్డతో వాసెన కట్టింది. బస్సెక్కి చిలక పంజరం నా ఒళ్లో పెట్టింది. గూడూరులో బస్సు మారి, ట్రంకు రోడ్డు మీద వెంకటాచలంలో దిగాం. దారంతా అమ్మ చూపు పంజరం మీదే. చిలకే మాట్లాడుతుందని, అది అడిగితే తను అనాల్సింది ఏమీ ఉండదని అమ్మ ధైర్యం. నాకు అర్థమైంది.

పిన్నమ్మ తలుపు తీసింది. అమ్మని చూసి పక్కకి జరిగి దారిచ్చింది. అమ్మ పంజరాన్ని ఇద్దరి మధ్యా కింద పెట్టింది. మేం ముగ్గురం చిలక వంక చూస్తూ నిలబడ్డాం. అది బస్సు కుదుపుకి బెదిరిపోయి, మెడ లోపలికి లాక్కుని, ఒక మూల ముడుచుకుని కూర్చుంది. అమ్మ వేలితో పంజరం తట్టింది. చిలక కళ్లు మూసుకుంది.

అమ్మ ఇంకాసేపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అన్నం తిన్నావా అమ్మాయ్?" అంది.

"ఇంకా లేదక్కా," అంది పిన్నమ్మ. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నేనూ వాళ్లతో కలిసి ఏడ్చాను.

అన్నాలు వడ్డించుకుని కూర్చున్నాం. ఆవకాయ తియ్యడానికి పిన్నమ్మ లేచి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడిచింది. మళ్లీ తుడిచింది. వేళ్ల సందుల్లో కూడా తుడుచుకుంటుంటే అమ్మ చూడలేకపోయింది. పిన్నమ్మ చెయ్యి పట్టుకుని, తనే జాడీ వాసెన విప్పింది.

"తడి ఉంటే ఉండనీ అమ్మాయ్, తియ్యి," అంది. "బూజు పడితే, ఇద్దరం కలిసి మళ్లా పెట్టుకుందాం."