నైరుతి మూలలో స్పీకర్లు

దువ్వాడలో నా స్టూడియో కోసం కొత్తగా అద్దెకు తీసుకున్న గదిలో నిన్న చప్పట్లు కొట్టి చూశాను. ఉత్త గోడలు కదా, ఆ చప్పుడు గిన్నె కిందపడ్డట్టు ఖంగుమని తిరిగొచ్చింది. దానియేలు మాస్టారు గుర్తొచ్చారు. సీతమ్మధారలో ఆయనకో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. నేను పని నేర్చుకున్నది అక్కడే. కొత్త గదిలో అడుగుపెడితే ఆయన ముందు చప్పట్లు కొట్టి గది మోత ఎలా ఉందో విని, ఆ తర్వాతే ఇంటివాళ్లను పలకరించేవారు.

నాకు అన్నీ వచ్చేశాయనుకుంటున్న రోజులవి. మాస్టారు చర్చి పని మీద నాలుగు రోజులు ఊరెళ్తూ, సబ్బవరం అప్పన్న గారి డప్పు పాటలు రికార్డు చేసి, గొంతూ డప్పూ సమపాళ్లలో వినిపించేలా మిక్స్ చేసే పని నాకు అప్పగించారు. ఆయన అటు వెళ్లారో లేదో, నేను స్టూడియో సర్దేశాను. బరువైనవి నైరుతిలో ఉంటే కలిసొస్తుందని మా నాన్న చిన్నప్పటి నుంచీ నూరిపోసిన వాస్తు బుర్రలో ఉంది మరి. పెద్ద స్పీకర్లు రెండింటినీ ఆ మూలకు నెట్టేశాను. మూలలో పెడితే గోడలే మోతను పెంచి వినిపిస్తాయని తెలియక, డప్పు మరీ ఎక్కువైందనుకుని తగ్గించుకుంటూ పోయాను.

వారం తిరక్కుండా అప్పన్న గారు, నేను పంపిన పాటలున్న ఫోను పట్టుకుని వచ్చారు. అప్పటికి మాస్టారు కూడా ఊరినుంచి వచ్చేశారు. ఎవరి ఫోనులో విన్నా గొంతే తప్ప డప్పు లేదట. అప్పన్న గారు కోప్పడలేదు. అదే నన్ను చంపేసింది.

“సెయ్యి తిమ్మిరెక్కిపోతందమ్మా. రేపోమాపో కొట్టలేను. నా డప్పు ఇందులోనైనా ఉంటాదని వొచ్చాను,” అన్నారు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు స్పీకర్లున్న మూలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన అప్పన్న గారి వైపు తిరిగారు.

“తప్పు నాది బావ. గది సంగతి సెప్పకుండా పిల్లకి పని ఒప్పజెప్పీసేను. ఇక్కడే కూకో, సరిసేసి ఇత్తాం.”

తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. దారం ఉండ తెమ్మన్నారు. స్పీకర్లను మూలలోంచి లాగించి, వెనక గోడకు ఎడంగా, పక్క గోడలకు సమాన దూరంలో నిలబెట్టించారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, ఒక్కోదాని నుంచి నా తలకూ అంతే ఉండేలా దారంతో కొలిచారు. ఎత్తు నా చెవులకు సరిపెట్టారు. అప్పుడు పాట పెడితే డప్పు నిజంగానే లేదు. నా చేతులారా తీసేశాను. ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను.

సాయంత్రానికి పూర్తయింది. అప్పన్న గారిని అదే కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాం, ఆయన ఫోనులోనూ వినిపించాం. కాసేపటికి ఆ తిమ్మిరి చేతి వేళ్లు మోకాలి మీద దరువు వేయసాగాయి.

మాస్టారు ఇప్పుడు లేరు. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో ఎవరైనా నేర్పగలరు. నా తప్పును తన నెత్తిన వేసుకున్న ఆ పూట ఆయన రుణం మాత్రం ఈ జన్మకు తీరదు. ఇప్పటికీ పాట ఎవరిదైనా సరే, వాయించినవాళ్లను నా కుర్చీలో కూర్చోబెట్టి ముందు వాళ్లకే వినిపిస్తాను. పాట నడుస్తున్నంతసేపూ వాళ్ల చేతులనే చూస్తుంటాను.