అద్దం మామయ్య, అత్తయ్య పలువరుస

మా మామయ్యని చుట్టాలందరూ అద్దం మామయ్య అంటారు. అందగాడని కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక బట్టల దుకాణంలో ట్రయల్ రూమ్ బయట, నిలువుటద్దం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరెన్ని బట్టలు లోపలికి తీసుకెళ్తున్నారో చూసి బిళ్ళ ఇవ్వడం, బయటికొచ్చాక ఆ బిళ్ళ తీసుకోవడం ఆయన పని. కానీ కొత్త చొక్కా తొడుక్కుని బయటికొచ్చిన మనిషి ముందు అద్దం వంక చూస్తాడు, తర్వాత పక్కనెవరుంటే వాళ్ళ వంక చూస్తాడు. అప్పుడు మామయ్య "మీకోసమే కుట్టినట్టుందండీ" అనేవాడు. బొజ్జ మీద గుండీలు తెగిపోయేలా ఉన్నా అదే మాట, చేతులు మోకాళ్ళ దాకా వేలాడినా అదే మాట. అబద్ధమాడుతున్నానన్న అనుమానం ఆ మహానుభావుడికి ఒక్కనాడూ రాలేదు.

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో వేసి, మిగతా దాంతో ఒక బట్టల దుకాణాల కంపెనీ షేర్లు కొన్నాడు. ఆ కంపెనీకి ఊరూరా షోరూములున్నాయి. మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా ఒకటుంది. ఏటా షేర్లున్నవాళ్ళకి డివిడెండ్ అని లాభంలో వాటా పంచుతుంది. "జనం తిండైనా తగ్గించుకుంటారు గానీ బట్టలు మానరే" అని నాకు పాఠం చెప్పాడు. పాఠం చెప్పిన మనిషి ఒంటి మీద బనియన్ నిండా చిల్లులే. ఆ ఇంట్లో కొత్త బట్ట కొని ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. అందరూ మీలాగే ఉంటే కంపెనీ గతేమిటని అడిగాను.

"అందరూ మనలా ఎందుకుంటారే, పిచ్చిమొహమా!" అన్నాడు.

షేర్లు ఆయనవి, ఫోను ఆయనది, వేళ్ళు మాత్రం నావి. ఆదివారం నేను వెళ్ళగానే "మన షాపు ఎలా ఉందో చూడు" అంటూ ఫోను నా చేతిలో పెట్టేవాడు. మొదటి డివిడెండ్‌తో ముందుగదిలో ఫ్యాను పెట్టించాడు. వచ్చిన ప్రతివాణ్ణీ దాని కింద కూర్చోబెట్టి "ఈ గాలి కంపెనీవాళ్ళది" అని చెప్పేవాడు. రెండోదాంతో వంటింట్లో పైపులు మార్పించాడు. ఇక మంచినీళ్ళు తాగినా కంపెనీ కథ వినాల్సి వచ్చేది.

మూడోది అత్తయ్య పళ్ళకని ముందే అనుకున్నాడు. మెట్ల మీద జారిపడి ఆవిడకి పైవరస ముందు పళ్ళు ఊడిపోయాయి. మా అత్తయ్య నవ్వు అల్లాటప్పా నవ్వు కాదు. ఆవిడ మొదలుపెడితే పక్కింటివాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్ళు. పళ్ళు పోయాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నగా నవ్వి ఊరుకునేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. నవ్వు లేని ఆ ఇల్లు నాకు బావుండేది కాదు. మామయ్యకీ అంతే, కాకపోతే ఆయన బయటపడే రకం కాదు. "డివిడెండ్ రానీవే, సినిమావాళ్ళు కట్టించుకునే రకం కట్టిస్తా" అనేవాడు.

సరిగ్గా ఆ సంవత్సరమే రోజులు పాడయ్యాయి. ధరలు మండిపోయాయి, ఉద్యోగాలు ఊడాయి, మా వీధిలో పగటిపూట మగవాళ్ళ గొంతులు ఎక్కువయ్యాయి. షేరు ధర వారం వారం దిగుతూ వచ్చింది.

"ఇప్పుడే అమ్మేసి పళ్ళు కట్టించు మామయ్యా" అన్నాను.

ఒంటికాలి మీద లేచాడు. "ధర పడితే మనకేంటే? మనమేమైనా అమ్ముకునేవాళ్ళమా? షేరు అమ్మడమంటే ఉద్యోగం వదులుకున్నట్టే. డివిడెండ్ ఎక్కడికీ పోదు!"

అన్నాడే గానీ కాలు నిలవలేదు. అమ్మకాలు ఎలా ఉన్నాయో కళ్ళారా చూస్తానని నన్ను వెంటబెట్టుకుని బస్టాండు ఎదుటి షోరూముకి బయల్దేరాడు. మేడ మీద ట్రయల్ రూములున్నాయి, నిలువుటద్దం ఉంది, స్టూలూ లేదు, మనిషీ లేడు. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ ఉద్యోగం తీసేశారట. ఇంతలో ఒకావిడ నీలం కోటు వేసుకుని బయటికొచ్చింది. అద్దంలో చూసుకుని అలవాటుగా పక్కకి తిరిగింది. పక్కన మామయ్య ఉన్నాడు.

"మీకోసమే కుట్టినట్టుందమ్మా!"

కోటు భుజాలు రెండూ కిందికి జారిపోతున్నాయి. ఆవిడ మురిసిపోయి కొనేసింది.

ఆ మర్నాటి నుంచి మామయ్య రోజూ డ్యూటీకి తయారు. పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళి అద్దం పక్కన నిలబడేవాడు. నాలుగు రోజులు చూసి మేనేజరు వచ్చి పట్టుకున్నాడు.

"ఎవరండీ మీరు? ఇక్కడేం పని?"

"ఓనర్ని."

మేనేజరు కంగారుపడి "ఎన్ని షేర్లున్నాయి సార్?" అన్నాడు. మామయ్య చెప్పాడు. మేనేజరు పైకప్పు వంక చూసి లెక్క కట్టుకున్నాడు.

"వాటికి ఈ మేడమెట్లలో ఒక మెట్టు కూడా రాదండీ."

"వచ్చినంత ముక్క మీదే నిలబడతాలే" అన్నాడు మామయ్య.

జీతం అడగని మనిషిని తరిమేసి ఏం బావుకుంటాం అనుకున్నాడేమో, మేనేజరు గోడౌన్ నుంచి స్టూలు తెప్పించి వేయించాడు. మామయ్య గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, ఆ పూట అమ్ముడైన ప్రతి ప్యాంటూ అత్తయ్యకి వర్ణించి చెప్పేవాడు. "ఇంకొన్ని చొక్కాలు, ప్యాంట్లు అమ్ముడైతే నీ పళ్ళు వచ్చినట్టే" అనేవాడు. అత్తయ్య తలూపేది.

సీజను అయిపోయాక కంపెనీ ప్రకటన వచ్చింది. ఫోనులో నేనే చదివాను. ముందు ముందు వ్యాపారం ఎలా ఉంటుందో తెలియడం లేదు కాబట్టి ఈ సంవత్సరం డివిడెండ్ ఇవ్వడం లేదు, డబ్బు చేతిలోనే ఉంచుకుంటున్నాం, ఇదీ సారాంశం.

"మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

"నాతో ఒక్క మాటైనా అనలేదే!" అన్నాడు ఓనరు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"పోనిద్దురూ. మెత్తగా వండుకుంటే సరిపోతుంది. నేను నవ్వకపోతే కొంపలేం మునిగిపోవులెండి" అంది. అంటున్నంతసేపూ చెయ్యి నోటికి అడ్డంగానే ఉంది. మామయ్య ఆ చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు. పైన కంపెనీవాళ్ళ ఫ్యాను తిరుగుతోంది.

"అమ్మెయ్యవే" అన్నాడు నాతో.

"ఇప్పుడా? కొన్న ధరలో సగం కూడా రాదు మామయ్యా."

"అమ్మెయ్యమన్నానా! ఒక్కటి మాత్రం ఉంచు."

"ఒక్కటెందుకు?"

"స్టూలు లాగేస్తారే."

పళ్ళు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి రాగానే అత్తయ్య బీరువా అద్దం ముందు నిలబడింది. పెదవి పైకి లాగి ఒకసారి, దించి ఒకసారి చూసుకుంది. తర్వాత అందరిలాగే పక్కకి తిరిగి మామయ్య వంక చూసింది.

"ఎలా ఉన్నాయండీ?"

ఇంకేముంది, పాత పాటే అందుకుంటాడనుకున్నాను. దగ్గరికెళ్ళి వంగి మరీ చూశాడు.

"కాస్త పెద్దవయ్యాయే" అన్నాడు.

అత్తయ్య గిర్రున అద్దం వైపు తిరిగింది. గడ్డం వణికింది. ఏడుస్తుందేమో, ఈయన నోరు పడిపోనూ, అని తిట్టుకున్నాను. అప్పుడు వచ్చింది నవ్వు. చెయ్యి అడ్డం లేకుండా, ఆ పెద్ద పళ్ళన్నీ బయటపెట్టి, బీరువా పట్టుకుని ఒంగిపోయి నవ్వింది.

పక్కింట్లో ఎవరో ఎందుకో తెలియకుండానే మొదలుపెట్టారు.