మద్దిలేటి గురువు పాదం

1955. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊరంతా జీపులు, ఆఫీసర్లు. మేము మాత్రం ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో తోలు, బెండు, టైరు ముక్కల మధ్య కూర్చుని చెప్పులు కుట్టేవాళ్లం. పోలియో వచ్చిన పిల్లలకు బూట్లు, కుష్ఠు రోగులకు మెత్తటి చెప్పులు మా పని. “ఆసుపత్రిలో చెప్పులు కుట్టేదేంది సాయిబూ?” అని నవ్వేవాళ్లు. మందంటే నోట్లో పోసేదొక్కటేనా అని కసురుకునేవాణ్ణి.

ఒకరోజు ఎముకల డాక్టరు మద్దిలేటి గురువును నా దగ్గరికి పంపాడు. ఆయన చెక్కలు వాయిస్తూ ఆడే చెక్కభజన నేర్పే గురువు. బేతంచెర్ల చుట్టుపక్కల ఊళ్లలో, ఒక్కో ఊరిలో కొన్ని నెలలు ఉండి పిల్లలకు అడుగులు నేర్పేవాడు. రోజుకో ఇంట్లో భోజనం. చిన్నప్పటి నుంచీ నాపరాళ్లు పరిచిన వాకిళ్లలో ఉత్తకాళ్లతో ఎగిరి ఎగిరి ఆయన అరికాళ్లు కుంగిపోయాయి. కాలు తడిపి బండ మీద ఆనించమన్నాను. మామూలు కాలైతే అచ్చులో లోపలి పక్క ఖాళీ ఉంటుంది. ఆయనది రొట్టెలా నిండుగా పడింది. దీన్నే మేము ఫ్లాట్ ఫుట్ అంటాం.

దానికి ఆర్చ్ సపోర్ట్ పెట్టాలి. అంటే కుంగిన చోట పాదాన్ని కిందినుంచి ఎత్తిపట్టే బెండు దిమ్మ.

“గజ్జె కట్టిన కాలికి చెప్పు యాడ తొడుగుతారు సాయిబూ? మహాపాపం” అన్నాడు.

“ఆడేటప్పుడు ఇప్పెయ్ గురువా. నేర్పేటప్పుడు, నడిచేటప్పుడు తొడుక్కో.”

ఒప్పుకున్నాడు. మా షెడ్డులో కుష్ఠు రోగులతో సహా అందరికీ ఒకటే వాటం: టైరు అడుగు, మడమ వెనక పట్టీ, పక్కన బకిలీ. అలాగే కుట్టిచ్చాను. నెల తర్వాత వచ్చి, మెట్లెక్కేటప్పుడు నొప్పి లేదని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ రోజు నాకు అన్నం కూడా రుచిగా అనిపించింది.

మళ్లీ ఎండాకాలంలో వచ్చాడు. ఉత్తకాళ్లు. కుడిపాదం వాచి ఉంది. చెప్పులు తుండుగుడ్డలో మూటకట్టి తెచ్చాడు.

“ఇవి నువ్వే పెట్టుకో సాయిబూ. ఇప్పుడు నేను నేర్పుతాండే ఊరాయప్ప ఒకడు ఈ ఆసుపత్రికి వచ్చిపోయినాడు. బకిలీ చెప్పులు కుష్ఠు, ఆ పెద్దరోగమొచ్చినోళ్లకే ఇస్తారని ఊరంతా చెప్పినాడు. ఇప్పుడు ఇంట్లోకి రానీక సంగటి ముద్ద అరుగు మీదికి తోస్తాండారు. పిల్లోళ్లు నా పక్కన నిలబడేకే భయపడతాండారు. వాళ్లకు నేర్పకపోతే నేనెందుకు సాయిబూ?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకుని రైల్లో బేతంచెర్ల దిగి, ఆ ఊరికి నడిచాను. ఊరి పెద్ద రెడ్డి అరుగు దగ్గర పదిమందీ చేరారు.

“రెడ్డప్పా, పెద్దరోగమొచ్చిన కాలికి స్పర్శ ఉండదు. ముల్లు దిగినా తెలీదు. ఈయప్పకు అడుగు తీసి అడుగేస్తే ప్రాణం పోతాంది. ఆ రోగముంటే ఈ నొప్పే తెలీదు” అన్నాను.

“నువ్వు చెప్తే నేను నమ్మినా సాయిబూ. పిల్లోళ్ల తల్లులు నమ్మాల కదప్పా!”

నేను నోరు తెరిచేలోపలే గురువు లేచి గజ్జె కట్టాడు. “వద్దు గురువా, కాలు వాచిండాది” అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు. “కండ్లతో చూస్తేనే నమ్ముతారు సాయిబూ.”

ఎంత నొప్పి ఉన్నా నవ్వుముఖంతో ఆడటమే గురువు మర్యాద. ఆ రోజు ఆయన పాట ఎత్తుకుని ఆడాడు గానీ నొప్పిని దాచుకోలేదు. కాలు బండ మీద పడిన ప్రతిసారీ ముఖం వంకర్లు పోయింది, కళ్ల నీళ్లు కారాయి. గడపల్లో నిలబడిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “చాలు గురువా, నమ్మినాం” అని రెడ్డి కేకేశాడు. అయితే పాట మధ్యలో గజ్జె ఆపకూడదు. చివరి చరణంలో ఎగిరి దిగినప్పుడు పాదం మడతపడింది. ఆయన పడిపోయాడు.

బండి మీద, ఆ పైన రైల్లో కర్నూలుకు తెచ్చాం. ఎక్స్‌రేలో పాదం నడిమి ఎముకలు విరిగి కనిపించాయి. అతుక్కున్నాయి గానీ వంకరగా.

తర్వాత గురువు బూటు కొలతకు వచ్చినప్పుడు ఊరి సంగతి అడిగాను.

“ఇప్పుడు ఇంటింటికీ పిలిచి, పొయ్యి కాడ కూచోబెట్టి పెడతాండారు సాయిబూ. తల్లులే వడ్డిస్తాండారు. శానా బాగా చూసుకుంటాండారు. నేర్పేకి అడుగే లేకపాయె.”

ఆయన వెళ్లాక షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను.

ఆ తర్వాత ఆర్చ్ సపోర్ట్‌ను ఊళ్లో అందరూ తొడిగే కిర్రుచెప్పుల్లోనే, పైకి కనపడకుండా కుట్టడం మొదలుపెట్టాను. కుష్ఠు రోగుల చెప్పులకు కూడా బకిలీ తీసేశాను. పైవాళ్లు ఒప్పుకోకపోతే పోట్లాడాను. పాదం కొలత తీసుకోవడం ఎప్పుడో మదరాసులో నేర్చుకున్నాను. ఆ చెప్పులు ఎవరి గడప ముందు విడవాలో కూడా అడగాలని మద్దిలేటి గురువు వల్ల తెలిసింది. నాకు అది తెలిసేసరికి ఆయన ఆట అయిపోయింది.