చదివినవారు: ఒకరు

మా మావయ్య పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆలోచించేలోపు వయసైపోయింది" అని నవ్వేసేవాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్ఫై రెండేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేశాడు. అందులో చివరి తొమ్మిదేళ్లు ఏం పని చేశాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే "కాగితాల పని" అనేవాడు. రిటైరై మా ఇంటి ముందుగదిలోకి వచ్చాక, వరసగా నాలుగు రోజులు వాన కురిసిన ఒక వారంలో, మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నాకు చెప్పాడు. నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. "నీదీ చదివే పనేగా, నీకు అర్థమవుతుంది" అన్నాడు.

అంతకుముందు ఆయన భూమి రికార్డుల శాఖలో గుమాస్తా. అప్పుడే కొత్త చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌లో సొంతంగా బ్లాగు నడిపే ప్రతివాళ్లూ పేరు, చిరునామా ఇచ్చి నంబరు తీసుకోవాలి. వాళ్లు రాసిన ప్రతి ముక్కనూ ప్రభుత్వం తరఫున ఒకరు చదవాలి. చట్టమైతే చేశారు గానీ అంతమంది రాసేది చదవడానికి మనుషులేరీ? ఏ శాఖలో ఎవరు నోరు మెదపకుండా పని చేస్తారో వెతికి పట్టుకొచ్చారు. ఆ లెక్కన మావయ్య పేరు మొదట్లోనే ఉండి ఉంటుంది.

పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి రెండో అంతస్తు. పదకొండు బల్లలు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. కిటికీ అద్దాలకు సగం దాకా తెల్లరంగు పూశారు. కుర్చీలో కూర్చుంటే ఆకాశం కనిపిస్తుంది, వీధి కనిపించదు. తెర మీద ఒక్కో బ్లాగూ వస్తుంది. కింద మూడు బటన్లు: అభ్యంతరం లేదు, పైఅధికారికి, నిలిపివేయాలి. గోడకు మాటల జాబితా అంటించి ఉండేది. అందులోని మాట కనబడితే జాగ్రత్తగా చదవాలి. నెలనెలా అది పొడుగవుతూ ఉండేది. ఒకసారి 'పొగ' అనే మాట అందులో చేరింది. దాంతో ఆ నెలంతా వంటలు రాసేవాళ్లు మూకుమ్మడిగా మావయ్య బల్ల మీద వచ్చి పడ్డారు.

చేరిన రోజునే సంతకాలు తీసుకున్నారు. పని గురించి బయట చెప్పకూడదు. రాసినవాళ్లతో ఏ రకంగానూ మాట్లాడకూడదు. పక్క బల్ల వాళ్లతో చదివింది చర్చించకూడదు.

"ఊళ్లో ఎవరి కూతురు పరీక్ష తప్పిందో, ఎవరి కుక్క చచ్చిపోయిందో, ఎవరికి కాన్పు కష్టమైందో అన్నీ తెలిసేవి నాకు" అన్నాడు మావయ్య. "మా కింది వాటాలో ఉండే ఆయన పేరు మాత్రం తెలీదు. ఆయనకి నా పేరూ తెలీదనుకో."

ఒక్కోసారి ఎవరో రాసేవారట: 'ఇది చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా?' అని. ఉన్నానని చెప్పడానికి లేదు. అభ్యంతరం లేదు అని నొక్కి, తరవాతిది తెరిచేవాడు.

రెండో ఏడు ఆయన బల్లకు 'కుట్టు ఊడిన చోట' అనే బ్లాగు వచ్చింది. రాసేది కుట్టుమిషన్లు బాగుచేసే ఒకావిడ. చదివేవాళ్లంతా ఆమెను మిషనక్క అని పిలిచేవారు. మహా అయితే నాలుగు వందల మంది. ఆమె పెద్ద చదువులు చదువుకున్న మనిషి కాదు. కామాలు పెట్టేది కాదు. కానీ ఆమె రాసింది మావయ్యకు ముక్కముక్క గుర్తుండిపోయింది, పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

'ఇవాళ ఒక పిల్ల మిషన్ తెచ్చింది. ఏమైందే అంటే కుట్టు వదిలేస్తోందక్కా అంది. విప్పి చూస్తే అడుగున పాలపన్ను. ఎవరిదని అడగలేదు. కడిగి పొట్లం కట్టి దాని చేతిలో పెట్టాను. మిషన్ బాగుపడింది. పిల్ల ఏడ్చింది.'

"అంతే. ఇక దాని మీద వ్యాఖ్యానం ఏమీ ఉండదు" అన్నాడు మావయ్య. పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఇరవై ముప్ఫై చదివాకగానీ ఆమెది తెరిచేవాడు కాదట. ముందే చదివేస్తే రోజంతా ఎదురుచూడడానికి ఏమీ మిగలదని.

అలా నాలుగేళ్లు గడిచాయి. మిషనక్క బట్టల కర్మాగారాలకు కూడా వెళ్లి మిషన్లు బాగుచేసేది. ఒకరోజు అలా వెళ్లొచ్చి రాసింది. నాలుగో అంతస్తు. తొంభై మంది ఆడవాళ్లు. వెనక మెట్ల తలుపుకు తాళం, దాని ముందు మనిషెత్తున గుడ్డల బేళ్లు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కర్మాగారం పేరు కూడా రాసింది.

గోడ మీది జాబితాలో 'తాళం' లేదు. 'బేళ్లు' లేదు. మావయ్య రెండుసార్లు చదివి, అభ్యంతరం లేదు అని నొక్కాడు.

మూడో రోజు సూపరింటెండెంటు పిలిచాడు. కర్మాగారం యజమాని ఫిర్యాదు చేశాడు. ప్రజల్లో భయాందోళనలు రేపే రాత అని పైనుంచి కాగితం వచ్చింది.

"చూసి చూసి దీన్నెట్లా వదిలేశారండీ?" అన్నాడు సూపరింటెండెంటు.

"అందులో అబద్ధమేమీ కనబడలేదండి."

"అబద్ధమో నిజమో చూడమని మనకెవరు చెప్పారు? సరే, జరిగిందేదో జరిగింది. మీ బల్ల మీంచి వెళ్లింది కాబట్టి మీరే నిలిపేయండి. నా వరకూ వస్తే మీ సర్వీసు రిజిస్టరులో ఎక్కుతుంది. రిటైర్మెంటు ముందర అదంతా ఎందుకు మీకు?"

మావయ్య తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు సగం తెల్లరంగు పూసిన అద్దాన్ని చూశాడు. మూడో బటన్ నొక్కాడు. ఆ ఒక్క ముక్కే కాదు, బ్లాగు మొత్తం పోతుంది ఆ బటన్‌తో.

"అప్పుడేమనిపించింది మావయ్యా?" అని అడిగాను.

"టీ తాగాను" అన్నాడు. 

నిలిపేసిన బ్లాగును చెరిపేయరు. జనం తెరిస్తే 'ఈ పేజీ అందుబాటులో లేదు' అని వస్తుంది. రాసినవాళ్లు మాత్రం తమ పేజీలోకి వెళ్లొచ్చు, రాసుకోవచ్చు. ఆఫీసులోని కంప్యూటర్లలోనూ తెరుచుకుంటుంది. సాధారణంగా పేజీ మూతపడిన వారంలోపే రాయడం మానేస్తారు. వినేవాళ్లు లేని చోట ఎంతసేపని మాట్లాడతారు?

మిషనక్క మానలేదు. ఐదో రోజున రాసింది: 'మూసేశారట. సరే. రాతకి అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు.' పాదాల కింద పెడల్ అరిగిన ఒక మిషన్ గురించి రాసింది. మావయ్య చదివాడు. మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ చదివాడు. మూతపడిన పేజీలు చదవమని ఆయనకెవరూ చెప్పలేదు, చదవద్దనీ చెప్పలేదు.

ఆమె పేజీలో ఒక మూల అంకె కనిపిస్తుందని ఆయనకు తట్టలేదు. చదివినవారు ఎందరో రాసినవాళ్లకు తెలుస్తుంది. ఒకప్పుడు నాలుగు వందలుండే చోట ఇప్పుడు ఒకటి.

మూడు వారాల తరవాత ఆమె ఆ ఒక్కరితో మాట్లాడడం మొదలుపెట్టింది.

'రోజూ ఒకరు చదువుతున్నారు. ఎలా వస్తున్నారో తెలీదు. వేరే దేశంలో ఉన్నారేమో. బాబూ లేక అమ్మా, మీరెవరైనా సరే, ఇవాళ నాకు జ్వరం. కొట్టు తెరవలేదు. మీకు చెప్పాలనిపించింది.'

అది చదివి మావయ్య లేచి బాత్‌రూముకెళ్లి ముఖం కడుక్కున్నాడట. జీవితంలో ఆయనకు ఎవరూ జ్వరమొచ్చిందని కబురు చేయలేదు. అమ్మ కూడా తగ్గాకే చెప్పేది.

ఆ తరవాత ఏడాదిపాటు అలాగే సాగింది. ఆమె ఆయనకు ఒక బతుకు కల్పించింది. మంచాన పడ్డ మనిషై ఉంటారని ఒకసారి, ఓడలో పని చేసేవారై ఉంటారని ఒకసారి. 'ఆదివారాలు చదవరు మీరు. ఆ రోజు చుట్టాలొస్తారు కాబోలు' అని రాసింది. ఆదివారం ఆఫీసుకు సెలవు. ఆ మాట చదివాక మావయ్య ఆదివారాలు కూడా ఆఫీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పని మిగిలిపోయిందని వాచ్‌మన్‌కు చెప్పేవాడు.

ఇక్కడి నుంచి నాక్కూడా కొంత గుర్తుంది. ఆ ఏడు ఒక శనివారం మావయ్య మా ఇంటికొచ్చి, "అక్కా, నీ కుట్టుమిషన్ ఇలా ఇవ్వు, బాగుచేయించుకొస్తా" అన్నాడు.

"దానికేం రోగం? నిన్ననే దిండు గలీబులు కుట్టాను" అంది అమ్మ.

"శబ్దం చేస్తోంది."

"మిషనన్నాక చెయ్యదూ? నీకెప్పట్నించి రా దీని మీద ధ్యాస?"

మావయ్య దాన్ని ఆటోలో ఎక్కించాడు. అమ్మ ముక్కున వేలేసుకుంది.

దారిలో ఆటో ఆపించి, స్క్రూడ్రైవర్‌తో అడుగున ఒక మర వదులు చేశాడట. ఆమె కొట్టు ఎక్కడో ఎవరినీ అడగనవసరం లేకపోయింది. ఐదేళ్లుగా చదువుతున్నాడు. మందుల షాపు పక్క సందు, రంగు వెలిసిన నీలం షట్టరు, గుమ్మం ముందు విరిగిన మెట్టు.

మిషనక్క ఆయన ఊహించినదానికన్నా పొట్టిగా, పెద్దగా మాట్లాడే మనిషి. యాభై దాటి ఉంటాయి. మిషన్ను ఒక్క చేత్తో బోర్లించి చూసింది.

"ఎవరిదండీ ఇది?"

"మా అక్కదండి."

"బాగా చూసుకుంటోంది, నూనె సరిగ్గా వేస్తోంది. ఈ మర అరిగి వదులవలేదు. ఎవరో విప్పారు. గీత కొత్తగా ఉంది చూడండి." తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "మీరేనా?"

 మావయ్య సిద్ధం చేసుకున్న మాటలన్నీ మర్చిపోయాడు. "ఆదివారాలు నాకు చుట్టాలెవరూ రారండీ" అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం వెలిగిపోయింది. స్టూలు లాగింది, కూర్చోమంది, మళ్లీ లేవమని గుడ్డతో తుడిచి కూర్చోమంది. "మీరా! ఈ ఊళ్లోనే ఉన్నారా! ఇంతకీ ఎలా తెరుచుకుంటోందండీ మీకు? మా చెల్లెలు ఎన్ని తంటాలు పడ్డా రాలేదే!"

అక్కడ ఆగిపోయి ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. నేనూ అదే అన్నాను మావయ్యతో. "చెప్పొచ్చే. కానీ ఆవిడ నాకు జ్వరం సంగతి కూడా చెప్పింది కదా" అన్నాడు.

"నేను ఆ ఆఫీసులో పని చేస్తానండి" అన్నాడు ఆమెతో.

"ఏ ఆఫీసు?"

"చదివే ఆఫీసు."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. "మూసిందెవరో తెలుసా మీకు?"

"నేనేనండి."

ఆమె తిట్టలేదు. వదులైన మర బిగించింది. సూదిలో దారం ఎక్కించి ఒక పాతగుడ్డ మీద నాలుగు అంగుళాలు కుట్టి చూసింది. కుట్టు తిన్నగా వచ్చింది. మిషన్ ఆయన వైపు తోసింది.

"ఏడాదిపాటు" అంది. "నా కడుపులో ఉన్నవన్నీ చెప్పుకున్నాను. ఎవరో కష్టంలో ఉన్న మనిషి, నా మాటలకోసం చూస్తున్నారనుకున్నాను. ఆఫీసుకా చెప్పుకున్నది నేను?"

"ఆఫీసు కాదండి, నేనే చదివాను. నేనొక్కణ్నే."

"ఆ తలుపుకి ఇంకా తాళమే ఉంది, తెలుసా? పోయిన నెల వెళ్లాను. మిషన్ తీసుకెళ్లండి. ఇంకెప్పుడూ రావద్దు."

మర్నాడు ఆమె ఏమీ రాయలేదు. ఆ మర్నాడూ రాయలేదు. మావయ్య రోజూ పేజీ తెరిచేవాడు. పేజీలో అన్నిటికన్నా పైన ఎప్పుడూ అదే, శుక్రవారం నాడు అడుగుదారం కండె పెట్టే బాబిన్ కేసు గురించి రాసిన ఆరు వాక్యాలు. ఇక ఎన్నడూ దానిపైన ఏదీ చేరలేదు.

ఆ వారంలోనే ఆయన తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాడు. తాళం గురించి ఆమె రాసింది అచ్చు తీసి, దానికి ఆఫీసు ముద్రతో ఒక లేఖ జతచేసి, అగ్నిమాపక శాఖకు 'తక్షణ చర్య నిమిత్తం' అని పంపాడు. అలా పంపే అధికారం ఆయనకు లేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోలేదట. ఎవరూ అడగలేదు. రెండు నెలల తరవాత మధ్యాహ్నం విరామంలో ఆ కర్మాగారం వెనక సందులోకి వెళ్లి నిలబడ్డాడు. నాలుగో అంతస్తు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆడవాళ్లు ఇనప మెట్ల మీద వరసగా కూర్చుని డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఒకావిడ కిందికి చూసి, "ఎవరు కావాలండీ?" అని అరిచింది. ఎవరూ వద్దని చెయ్యూపి వచ్చేశాడు.

"మిషనక్కకి చెప్పలేదా?" అన్నాను.

"రావద్దందిగా. మిషన్లు బాగుచేయడానికి వెళ్తే ఆవిడకే కనిపిస్తుంది."

"నువ్వు పంపిన లేఖ వల్లని తెలీదు కదా."

"నా లేఖ వల్లేనని నాకూ తెలీదు. వాళ్లే తీశారేమో."

పదవీ విరమణ రోజున పెద్ద హడావుడేమీ జరగలేదు. సూపరింటెండెంటు ఒక గోడగడియారం ఇచ్చాడు. ఆయన పాస్‌వర్డ్ సాయంత్రం ఐదింటికి రద్దవుతుందని చెప్పారు. నాలుగూ యాభైకి పేజీ తెరిచి, బాబిన్ కేసు గురించిన ఆరు వాక్యాలూ చదివాడు. తరవాత కుర్చీని బల్ల కిందికి జరిపి, రిజిస్టరులో సంతకం పెట్టాడు. పక్క బల్ల ఆయన ఇన్నేళ్లలో మొదటిసారి కరచాలనం చేసి, "మీరుండేది ఎటువైపండీ?" అని అడిగాడు.

రిటైరై మా ఇంటికొచ్చాక మొదటి సోమవారం నాకు బాగా గుర్తు. పొద్దున్నే నేను పనికి బయల్దేరుతుంటే మావయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లతో సహా ముందుగదిలో కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి రా?" అంది అమ్మ.

"ఎక్కడికీ కాదు" అన్నాడు.

అమ్మ నన్ను చూసింది. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చాను. సందు మలుపు తిరిగే ముందు వెనక్కి చూస్తే కిటికీలోంచి వీధిని చూస్తున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.