చావు కబురు కింద పరుపుల గిరాకీ

నేను అక్షరాలు నేర్చుకున్నది గడ్డం నెరిసినాక. మా కోడలు నేర్పించింది. చిన్నప్పుడే చదువుకున్నోళ్లకు ఇది పెద్ద సంగతి కాదు. నాకు మాత్రం శానా గర్వముండె. ఆ గర్వమే నా కొంప ముంచింది.

మాది హిందూపురంలో దూది పరుపుల పని. పాత పరుపు విప్పి, ఉండలు కట్టిన దూదిని ఏకి, ఎండబెట్టి, మళ్లీ కుట్టిస్తాము. వయసులో ఉన్నప్పుడు దూది ఏకే విల్లు భుజానేసుకొని పరిగి, పెనుకొండ, ధర్మవరం వీధులన్నీ తిరిగేవాణ్ణి. విల్లు తీగను మీటితే ఆ సప్పుడుకు ఆడోళ్లు బయటికొచ్చి "ఏం సాయిబూ, రేటేమి?" అని బేరం పెట్టేవాళ్లు. తర్వాత మిషనొచ్చె, అంగడి పెట్టుకుంటిమి, వీధులు తిరిగేది పాయె. ఫోము పరుపులొచ్చినాక గిరాకీ కూడా పాయె.

ఒక పొద్దు కోడలు అనింది.

"మామా, ఈడ కూర్చొని ఈగలు తోలితే ఎవరొస్తారు? ఫోన్లో ఊరూరికీ గ్రూపులుండాయి. జనమంతా ఆడే ఉండారు. నువ్వూ ఆడికి పో."

"పోయి ఏం చేయల్ల?"

"ఎవరన్నా ఏమన్నా పెడితే కింద జవాబు రాయి. నడుం నొప్పి అంటే దూది పరుపు మంచిదని రాయి. పెండ్లి అంటే పరుపులు కుట్టిస్తామని రాయి. ముందర రాసినోళ్లకే గిరాకీ. ఆ ఫోము అంగడాయన్ను చూడు, ఊర్లో ఎవరు దగ్గినా మొదట ఆయన జవాబే ఉంటాది."

ఆ మాట తలకెక్కింది. నేను తిరిగిన ఆ మూడు ఊర్ల గ్రూపుల్లోనూ చేరితి. ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కేవాణ్ణి. పరిగి నుంచి ఒకాయన నడుం నొప్పి అని రాస్తే జవాబు పెడితి. ఆయన ఫోన్ చేసి పరుపు కుట్టించుకునె. అంతే, నన్ను పట్టేవాళ్లు లేరు. కోడలికి చూపించకుండానే రాసేది మొదలుపెడితి.

మా పనిలో ఒక పద్ధతి ఉండాది. ఏ ఇంట్లోనన్నా మనిషి పోతే, ఆ మనిషి పడుకున్న పరుపును ఊరి బయట పారేస్తారు. పోయినోళ్లకు చేసే కర్మలు, అదే దివసాలు, అయినాక ఆ ఇంటికి కొత్త పరుపు కావల్ల. అది మాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. దివసాల మరుసటి దినం పోయి గేటు కాడ నిలబడేవాళ్లము. ఆ ఇంటి ముందర మాత్రం తీగ మోగకూడదు, గుప్పిట్లో పట్టుకోవల్ల. నోరు తెరిచి అడగకూడదు. వాళ్లు పిలిస్తే పోవల్ల, లేదంటే మాట్లాడకుండా వెనక్కి రావల్ల. ఇది మా నాయన నాకు నేర్పించినాడు.

పెనుకొండలో ఒక రైతుల ఇల్లు ఉండాది. మా నాయన కాలం నుంచి ఆ ఇంటి పరుపులన్నీ మేమే ఏకినాము. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను ఎండలో నిలబెట్టి పంపిన మనిషి కాదు. మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నా పిల్లోళ్ల సంగతి అడిగేది. ఒక పొద్దు ఆమె ఫోటో పెనుకొండ గ్రూపులో కనపడె. కింద చావు కబురు. అంగట్లో కూర్చొని ఏడిస్తి. కండ్లు తుడుచుకొని నేనే సొంతంగా రాస్తి.

"అమ్మ శానా మంచి మనిషి. దివసాలు అయినాక పరుపు కావల్లంటే ఫోన్ చేయండి. పాత రేటే."

కింద నా నంబరు కూడా పెడితి.

కాసేపటికి నవ్వే బొమ్మలు వరసగా వచ్చె. నేను రాసింది జనానికి నచ్చిందనుకుంటి. తర్వాత మాటలొచ్చె. "అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంటే నీకు పరుపు తొందరొచ్చెనా?" అని ఒకాయన. "సాయిబూ, నాక్కూడా ఒకటి కుట్టి పెట్టప్పా, నేనెప్పుడు పోతానో ఏమో" అని ఇంకొకాయన. అప్పుడు ఫోను తీసుకపోయి కోడలికిచ్చితి. ఆయమ్మ చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.

"ఏం పని చేస్తివి మామా! అంత దుఃఖంలో ఉన్నోళ్లకు ఇట్ల రాస్తారా?"

"దివసాలు అయినాక అనే కదమ్మా రాస్తి."

ఆయమ్మ దాన్ని తీసేసింది. అప్పటికే ఎవరో ఫోటో తీసి మూడు ఊర్లకూ తిప్పినారు.

మరుసటి దినం పెనుకొండకు పోతి. పెద్దమ్మ కొడుకు గుండు చేయించుకొని వసారాలో కూర్చోనుండాడు. నన్ను ఎప్పుడూ "ఏం సాయిబూ, రా" అని పిలిచే మనిషి.

"చెప్పండి" అన్యాడు.

ఆ "అండి" విని అరుగెక్కకుండా కింద మెట్టు మీదనే కూర్చుంటి.

"అప్పా, తప్పయిపోయింది. బుద్ధి లేక రాస్తి."

"మా నాయన పోయినప్పుడు మీరు ఆ గేటు కాడ నిలబడినారు, నాకు గుర్తుండాది. నోరు తెరవలేదు. అమ్మే పిలిచి పరుపు చెప్పింది. ఇప్పుడు ఆమెను ఇంట్లో నుంచి ఎత్తకముందే మీరు రేటు రాసినారు."

ఫోన్లో నిలబడేదానికి గేటు యాడుంటాదో నాకు తెలియలేదు అని చెప్పాలనుకుంటి. చెప్పినా అది సాకే. గేటు కనపడకపోతే ఊరికే ఉండల్ల గదా. ఊరికే ఉండేదానికి చదువు అక్కర్లేదు.

"పరుపులు ధర్మవరంలో కొంటాము. మీరు కష్టపడొద్దు" అన్యాడు. లోపలికి చూసి "ఈయనకు మజ్జిగ ఇయ్యండి" అన్యాడు. తాగకుండా లేస్తి.

ఆ తర్వాత జరిగిందే అన్నిటికంటే సిగ్గు. నా ఫోను మోగేది మొదలాయె. "దివసాల సాయిబు నువ్వేనా?" అని అడుగుతారు. మొదట నగుతారు. నగినాక పరుపు రేటు అడుగుతారు. ఊరూరూ తిరిగిన నా రాతలో నంబరు కూడా ఉండె కదా. మూతపడేదానికి సిద్ధంగా ఉన్న అంగట్లో దూది మిషను మళ్లీ పొద్దున్నుంచి తిరుగుతాండాది. కోడలు సంతోషంగా ఉండాది, ఆయమ్మను ఏమీ అనలేను. ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటివాళ్లు పరుపు తీసుకొని, నన్ను పక్కన నిలబెట్టుకొని ఫోటో దిగినారు. "నగు సాయిబూ" అంటే నగితి. దుడ్లు తీసుకుంటి.

ధర్మవరానికి ఇప్పుడు తరచుగా పోతాండా. బస్సు పెనుకొండ మీదనే పోతాది. స్టాండులో ఆగినప్పుడు తువ్వాలు ముఖం మీదికి లాక్కొని నిద్రపోయినట్లు కూర్చుంటా. ఎక్కేవాళ్లలో ఆ ఇంటోళ్లు ఎవరన్నా ఉండి, నన్ను చూసి "బాగుండారా" అని మర్యాదగా పలకరిస్తారేమోనని నా భయం.